సకినంలో ఉన్నవి నాలుగే, రిపోర్టులో ఉన్నవి తొంభై

మా ఆడపడుచు నోట్లో నువ్వుగింజ నానదు. మా చిన్నోడికి నువ్వుల అలర్జీ అన్న సంగతి వారం తిరక్కుండానే చుట్టాలందరికీ తెలిసిపోయింది. అప్పటి నుంచి ఇన్‌బాక్స్‌లో ఒకటే ప్రశ్న. "అక్కా, అలర్జీ టెస్ట్ ఏ ల్యాబ్‌లో చేయించారు? ప్యాకేజీ ఎంత?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడే రాస్తున్నా. ల్యాబ్ పేరు చెప్పను. ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. ఎందుకు అంటారా, కొంచెం పొడుగు కథ. చాయ్ పెట్టుకుని కూర్చోండి.

పోయినేడు సంక్రాంతికి వరంగల్ వెళ్లాం. అత్తమ్మ, పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు కలిసి తెల్లగుడ్డ పరిచి సకినాలు చుడుతున్నారు. మావాడికి అప్పుడు నాలుగేళ్లు. మొదటి వాయిలోంచి ఒకటి చల్లార్చి చేతికిచ్చాను. సగం తిని "అమ్మా, నోట్లో చీమలు" అన్నాడు. కారం తగిలిందేమో అనుకుని నీళ్లు తాగించా. మేం సకినాల్లో కారమే వెయ్యం, ఆ సంగతి అప్పుడు తట్టలేదు. పది నిమిషాల్లో మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు. కింది పెదవి ఉబ్బి పక్కకు వంగిపోయింది. రెండుసార్లు కక్కుకున్నాడు, తర్వాత దగ్గు పట్టుకుంది.

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి పరిగెత్తాం. ఏవిల్ అనే అలర్జీ మందు ఒకటి, స్టెరాయిడ్ ఒకటి ఇచ్చి, రెండు గంటలు కూర్చోబెట్టి పంపించేశారు. తగ్గింది. మా అదృష్టం బాగుండి తగ్గిందని చాలా రోజుల తర్వాత తెలిసింది. దద్దుర్లతో పాటు వాంతులు, దగ్గు కూడా వచ్చాయంటే దాన్ని అనాఫిలాక్సిస్ అంటారు, ప్రాణం మీదకు తెచ్చే అలర్జీ అన్నమాట. అందులో అన్నిటికన్నా ముందు పడాల్సింది తొడ కండలోకి అడ్రినలిన్ ఇంజెక్షన్. ఏవిల్ దురద తగ్గిస్తుంది, అంతే. ఊపిరి ఆడకపోతే, బీపీ పడిపోతే అది ఆదుకోలేదు.

ఇంటికొచ్చాక ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. వాము వేడి చేసిందని అత్తమ్మ. కొత్త బియ్యం పడలేదని మామయ్య. పక్కింటావిడ ఎండుమిర్చి తెచ్చి దిష్టి తీసింది. మా ఆడపడుచు ఫోన్ తీసి, ఆఫర్‌లో ఉందని తొంభై చిల్లర ఐటమ్స్‌తో అలర్జీ ప్యాకేజీ బుక్ చేసింది. ఆ టైమ్‌లో మా అందరిలోకీ తెలివైన మనిషి తనే అనిపించింది.

హైదరాబాద్ రాగానే ల్యాబ్ అబ్బాయి పొద్దున్నే ఇంటికొచ్చాడు. అతను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఫాస్టింగే కదా మేడమ్?" పిల్లాడు ఆకలికి గుక్కపెట్టి ఏడుస్తుంటే రక్తం తీశారు. నిజానికి ఈ పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. అలర్జీ మాత్రలు వాడుతున్నా ఆపక్కర్లేదు, అవి ఆపాల్సింది చర్మం మీద చేసే పరీక్షకు. అదంతా అలా ఉంచండి. ఏం తింటే వచ్చింది, ఎంతసేపటికి వచ్చింది అని అతను గానీ, ఫోన్‌లో బుకింగ్ తీసుకున్నవాళ్లు గానీ, రిపోర్టు మీద సంతకం పెట్టినవాళ్లు గానీ అడగలేదు. ఒక్కరూ అడగలేదు.

రిపోర్టు రంగురంగులుగా వచ్చింది, ట్రాఫిక్ లైట్ల లెక్క. పల్లీలు 4.1, క్లాస్ 3, ఎరుపు. గోధుమ 2.8, క్లాస్ 2. పాలు, రొయ్యలు, వంకాయ, సెనగపప్పు అన్నీ క్లాస్ 2. మా వాడు పుట్టి బుద్ధెరిగి రొయ్య మొహం చూడలేదు, అయినా అందులో ఉంది. ఎక్కడో చివరి పేజీలో నువ్వులు 0.62. క్లాస్ 1, లేత పసుపు రంగు, పక్కన "తక్కువ" అని రాసి ఉంది.

ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించి దేవుడి మాటలా పాటించాం. చపాతీ బంద్, పాలు బంద్, పెరుగు బంద్, పల్లీ చట్నీ బంద్. స్కూల్‌కి చిన్న డబ్బాలో రోజూ అన్నమే. మూడు నెలల్లో పిల్లాడు కిలో తగ్గాడు. పాలు లేకపోతే ఎముకలు ఏం కావాలి అని అందరికీ టెన్షన్. అప్పుడొచ్చింది సలహా: "నువ్వుల లడ్డూ పెట్టండి, కాల్షియం మస్తుగా ఉంటది." రిపోర్టు చూశాం. నువ్వులు "తక్కువ" అనే కదా ఉంది.

నా చేత్తో వేయించి, బెల్లం కలిపి, నెయ్యి కూడా వెయ్యకుండా (పాల వస్తువు కదా!) చిన్న ఉండ చేసి నోట్లో పెట్టాను.

ఈసారి పది నిమిషాలు కూడా పట్టలేదు. గొంతు బొంగురుపోయింది, పిల్లికూతలు, పెదాలు నీలంగా. కారులో వెనక సీట్లో వాణ్ణి ఒళ్లో వేసుకుని నేను ఎవరెవరికి మొక్కుకున్నానో ఇక్కడ రాయలేను. ఈ రెండో ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పాతికేళ్ల డాక్టరమ్మ మా మాట పూర్తిగా వినకముందే తొడకి అడ్రినలిన్ ఇచ్చేసింది. ఐదు నిమిషాల్లో రంగు తిరిగింది. ఆ అమ్మాయి కడుపు చల్లగుండ.

తర్వాత అలర్జీ స్పెషలిస్టు దగ్గరికి వెళ్లాం. ఆయన రిపోర్టు తీసుకుని చూడకుండానే బోర్లా పెట్టారు. "సకినంలో ఏమేం వేస్తారమ్మా?" అన్నారు.

"బియ్యప్పిండి, నువ్వులు, వాము, ఉప్పు."

"బియ్యం రోజూ తింటాడా?"

"తింటాడు సార్."

"వాము?"

"కడుపునొప్పి వస్తే వామునీళ్లు పడతాం. ఏం కాలేదు."

"ఉప్పుకి అలర్జీ ఉండదు. ఇంకేం మిగిలింది?"

నేను మాట్లాడలేదు. మా ఆయన గోడ మీద క్యాలెండర్ చూస్తూ ఉండిపోయాడు.

అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. మేం డబ్బులిచ్చి మరీ తొంభై అడిగించాం. నా గోడు ఇదే.

ఈ పరీక్ష లోపల జరిగేదేంటో డాక్టర్‌గారు ఓపిగ్గా చెప్పారు. నువ్వుల్లోని ప్రోటీన్లను తీసి ఒక చిన్న స్పాంజి లాంటి దానికి పట్టిస్తారు. దాని మీద మన రక్తపు సీరం పోస్తారు. నువ్వుల మీద పగబట్టిన ఐజీఈ (అలర్జీ తెప్పించే రకం) యాంటీబాడీలు ఏవైనా రక్తంలో ఉంటే వచ్చి అంటుకుంటాయి, మిగతాది కడిగేస్తారు. అంటుకున్నదెంతో కొలుస్తారు. ఐజీఈని 1960ల్లో అమెరికాలో ఇషిజాకా దంపతులు, స్వీడన్‌లో యోహాన్సన్, బెన్నిక్ విడివిడిగా కనిపెట్టారు. అంటే శాస్త్రం గట్టిదే, మిషన్ కూడా అబద్ధం చెప్పదు. కానీ మిషన్ చెప్పేది "నీ రక్తంలో దీన్ని గుర్తుపట్టే యాంటీబాడీ ఇంత ఉంది" అని మాత్రమే. "ఇది తింటే నీకు అలర్జీ వస్తుంది" అనే మాట దానికి తెలీదు. యాంటీబాడీ ఉండి కూడా హాయిగా తినేవాళ్లు బోలెడంత మంది. మావాడు పుట్టినప్పటి నుంచి పాలు తాగుతున్నాడు, చపాతీ తింటున్నాడు, ఏమీ కాలేదు. ఆ ఒక్క ముక్క చాలు, రిపోర్టులో ఆ రెండు లైన్లు కొట్టేయడానికి.

రొయ్యల సంగతైతే నవ్వొచ్చింది. మా వాడికి దుమ్ము పడదు, ఉబ్బసం ఉంది. పరుపుల దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగుల్లోనూ, రొయ్యల్లోనూ ట్రోపోమయోసిన్ అనే ఒకే తరహా ప్రోటీన్ ఉంటుందట. దుమ్ము పురుగు మీద తయారైన యాంటీబాడీ రొయ్యకీ అతుక్కుంటుంది. గడ్డి పుప్పొడి పడనివాళ్లకి గోధుమ పాజిటివ్ రావడం కూడా ఇలాంటిదే. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురదపెట్టే జబ్బు), ఉబ్బసం ఉన్న పిల్లాడికి తొంభై ఐటమ్స్ టెస్ట్ చేయిస్తే పది పదిహేను ఎర్రగా రాకపోతేనే ఆశ్చర్యపోవాలి అన్నారాయన.

ఇక అంకెల సంగతి. పాత లెక్క ప్రకారం 0.35 దాటితే పాజిటివ్, 0.7 వరకు క్లాస్ 1, 3.5 వరకు క్లాస్ 2, అలా 100 దాటితే క్లాస్ 6. అంకె పెరిగేకొద్దీ నిజంగా అలర్జీ అయ్యే అవకాశం పెరుగుతుంది. తింటే ఎంత ఘోరంగా వస్తుందో మాత్రం అంకె చెప్పదు. 0.62 ఉన్న నువ్వులు నా పిల్లాణ్ణి నీలం చేశాయి, 4.1 ఉన్న పల్లీలు వాడు ఇప్పుడు సాయంత్రం పూట ఉడకబెట్టుకుని తింటున్నాడు. "తక్కువ" అనే ఆ ఒక్క మాటని రిపోర్టులోంచి తీసేస్తే సగం గొడవ పోతుంది. ఏం తక్కువ? ఎవరికి తక్కువ?

నువ్వుల్లో ఇంకో మెలిక. రిపోర్టు నెగెటివ్ వచ్చినా పూర్తిగా నమ్మడానికి లేదు. నువ్వుల్లో అలర్జీ తెప్పించే ప్రోటీన్లు కొన్ని నీళ్లలో కరిగేవి, కొన్ని నూనెతో కలిసి ఉండేవి. ఈ నూనె రకాన్ని ఓలియోసిన్లు అంటారు. పరీక్షకు వాడే సారం నీళ్లతో తీసింది కాబట్టి అవి అందులోకి సరిగ్గా దిగవు. అందుకే కొందరికి నువ్వులు తింటే వొళ్లంతా దద్దుర్లు, రక్తంలో చూస్తే సున్నా. అలాంటప్పుడు మనిషి చెప్పే కథే సాక్ష్యం. చివరి మాట కావాలంటే ఆసుపత్రిలోనే కూర్చోబెట్టి, అడ్రినలిన్ పక్కన పెట్టుకుని, కొంచెం కొంచెంగా తినిపించి చూడటమే. ఇంట్లో ఆ ప్రయోగం చెయ్యకండి, నేను చేసిన నిర్వాకం చాలు.

మాకు తినిపించే అవసరం రాలేదు, రెండుసార్లు వచ్చాక ఇంకేం అనుమానం? చర్మం మీద చేసే పరీక్షకు ఐదు వారాలాగి రమ్మన్నారు. "ఇంట్లో మీరు వాడే నువ్వులే ఒక చిటికెడు కాగితంలో పొట్లం కట్టి తీసుకురండి" అన్నారు. నేను తెచ్చిన పొట్లంలోంచి నాలుగు గింజలు తీసి, ఉప్పునీటి చుక్కతో నూరి, దాంట్లో ముంచిన సూదితో వాడి ముంజేతి మీద చిన్నగా గీరారు. పావుగంటలో రూపాయి బిళ్లంత దద్దురు, చుట్టూ ఎరుపు. పక్కనే పల్లీల సారంతో గీరిన చోట చిన్న చుక్క, పాల దగ్గర అదీ లేదు. పాలు, గోధుమ, పల్లీలు మూడు నెలలు మాన్పించాం కదా, మళ్లీ మొదలుపెట్టడం కూడా క్లినిక్‌లోనే చేయించారు. ఎందుకంటే ఎగ్జిమా ఉన్న పిల్లలకి పడుతున్న తిండిని ఊరికే మాన్పిస్తే, మళ్లీ పెట్టినప్పుడు నిజం అలర్జీగా తిరగబడ్డ సందర్భాలు ఉన్నాయట. అంటే ఆ రంగు కాగితం మా వాడికి లేని జబ్బుని కూడా తెచ్చిపెట్టేదన్నమాట.

ఇంకో దందా ఉంది, అది వేరే. ఐజీఈకి బదులు ఐజీజీ అనే వేరే రకం యాంటీబాడీని కొలిచి, రెండు వందల ఐటమ్స్‌కి "ఫుడ్ ఇన్‌టాలరెన్స్" రిపోర్టు ఇస్తారు. ఒక తిండి మీద ఐజీజీ ఉందంటే మీరు ఆ తిండి తిన్నారని అర్థం, అంతకుమించి ఏం లేదు. యూరప్ అలర్జీ నిపుణుల అకాడమీ 2008లోనే దీన్ని ఇందుకు వాడొద్దని రాసింది. ఆ డబ్బుతో ఓ మూడు నెలల కూరగాయలొస్తాయి.

సరే, తెలిసింది. ఇప్పుడు బతకడం ఎలా? తెలుగింట్లో నువ్వులు లేని మూల చూపించండి. అరిసెల మీద నువ్వులు, గుత్తివంకాయలో నువ్వులు, బిర్యానీ పక్కన మిర్చీకా సాలన్‌లో నువ్వులు, బతుకమ్మకి నువ్వుల సద్ది, చాలా ఇళ్లల్లో ఆవకాయలో నువ్వుల నూనె. ఈమధ్య అందరూ ఎగబడుతున్న గానుగ నూనె మాకు మరీ డేంజర్, వడపోత తక్కువ కాబట్టి ప్రోటీన్ అందులో మిగులుతుంది. తాతల ఆబ్దికం రోజు తిలతర్పణాలు అయ్యేదాకా వాణ్ణి మేడ మీద ఉంచుతున్నాం. ఇంత నువ్వుల దేశంలో ప్యాకెట్ల మీద అలర్జీ హెచ్చరికకు చట్టం చెప్పిన జాబితాలో నువ్వుల పేరే లేదు. గోధుమ, రొయ్యలు, పాలు, గుడ్లు, చేపలు, పల్లీలు, సోయా ఉన్నాయి. నువ్వులు లేవు, ఆవాలు లేవు. యూరప్‌లో రెండూ ఉన్నాయి. అమెరికాలో 2021లో చట్టం చేసి 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని చేర్చారు. (అక్కడి కొన్ని బ్రెడ్ కంపెనీలు మిషన్లకు అంటిన నువ్వుల్ని శుభ్రం చేసుకునే బాధ ఎందుకని కావాలనే నువ్వులు కలిపి లేబుల్ మీద రాసేశాయట. తెలివి ఎవడి సొమ్ము!) మా మరిది డాలస్ నుంచి తెచ్చిన బిస్కెట్ ప్యాకెట్ మీద "నువ్వులు" అని విడిగా కనపడింది. ఇక్కడి మిక్స్చర్ ప్యాకెట్ మీద "మసాలాలు" అని ఉంది. ఏ మసాలాలో దేవుడికెరుక.

మావాడు స్కూల్లో అందరికీ చెప్పుకుంటున్నాడు, మేమే నేర్పించాం. మొదటి రోజే గొడవ. "నాకు నువ్వు పడవు" అన్నాడట, పక్కన కూర్చున్న పిల్ల ఏడ్చుకుంటూ మిస్ దగ్గరికెళ్లింది. "నువ్వులు" అనాలి నాన్నా అని రాత్రంతా ప్రాక్టీస్ చేయించాం.

అమెరికాలో లాగా తొడకి గుచ్చేసే రెడీమేడ్ పెన్నులు మన మందుల షాపుల్లో అంత తేలిగ్గా దొరకవు. అడ్రినలిన్ ఆంప్యూల్ (మందున్న చిన్న గాజు సీసా), చిన్న సిరంజి, ఒక చీటీ కలిపి డబ్బాలో పెట్టి ఇచ్చారు. మావాడి బరువుకి 0.15 మి.లీ. అని చీటీ మీద పెద్దక్షరాలతో రాశారు. మీ పిల్లలకి ఎంతో మీ డాక్టరే చెప్పాలి, నా అంకె పట్టుకోకండి. ఆరెంజ్ పండు మీద గుచ్చి గుచ్చి నేర్చుకున్నాం, నేనూ మా ఆయనా. అత్తమ్మ కూడా నేర్చుకుంది, కళ్లజోడు పెట్టుకుని, చెయ్యి వణక్కుండా. మాకన్నా నయం.

ఈ సంక్రాంతికి అత్తమ్మ నువ్వుల డబ్బా ఖాళీ చేసి పక్కింటావిడకి ఇచ్చేసింది. నువ్వుల బదులు జీలకర్ర వేసి సకినాలు చుట్టింది. మొదటిది తాను కొరికి చూసి, "ఇది సకినం కాదు బిడ్డా, చుట్టలు తిరిగిన అప్పడం" అని మొహం పెట్టింది. మామయ్య సగం తిని పక్కన పెట్టాడు. మావాడు మూడు తిన్నాడు. నేను గడియారం చూస్తూ అరగంట కూర్చున్నా.