బోడిగుండుకూ ఆధారుకూ ముడి

నాకు అరవై రెండేళ్ళు నిండాయి. ఇంట్లో నా మాట వినేవాళ్ళు లేరు. అలాంటిది ఢిల్లీలో ఎవరో నా ఫోను వినే అవకాశం ఉందంటే బెంగ ఎందుకు? కాస్త గర్వంగా కూడా ఉంది. ఎవరి కంప్యూటర్‌లోని సమాచారాన్నయినా అడ్డగించి చూసే అధికారం పది సంస్థలకు ఉందంటూ 2018 డిసెంబరు 20న కేంద్ర హోం శాఖ ఉత్తర్వు ఇస్తే, లోకమంతా గగ్గోలు పెట్టింది. నేను మాత్రం ఈమధ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నా షష్టిపూర్తికి వచ్చినవాళ్ళే ఎనిమిది మంది.

అసలు నిఘా విషయంలో దేశానికి దారి చూపే అర్హత మా తిరుపతికే ఉంది. కొండ మీద గది కావాలంటే ఆధార్, దర్శనం టోకెను కావాలంటే ఆధార్. 2023 మార్చి నుంచి ముఖాన్ని గుర్తుపట్టే యంత్రం ఎదుట కూడా బుద్ధిగా నిలబడుతున్నాం. గది తీసుకునేటప్పుడు ఒత్తైన జుట్టు, గుబురు మీసం. ఖాళీ చేసి డిపాజిట్టు వెనక్కి తీసుకునేటప్పుడు నున్నటి గుండు, దాని మీద చందనం. కట్టుకున్న భార్యే కల్యాణకట్ట బయట అరనిమిషం తటపటాయిస్తుంది. యంత్రానికి ఆ మొహమాటం లేదు. కళ్ళ మధ్య దూరమూ ముక్కు కొలతలూ చూసుకుని, మనం ఎవరమో మనకే చెబుతుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడి పెట్టడం కుదరదని పెద్దలు అనేవారు. వాళ్ళ కాలంలో ఆధార్ లేదు.

పౌరులకు తమ శరీరం మీద సంపూర్ణ హక్కు లేదని 2017 మేలో అటార్నీ జనరల్ సుప్రీంకోర్టులో వాదించారు. బయటి ఊళ్ళవాళ్ళు ఉలిక్కిపడ్డారు. మాకు ఇందులో కొత్తేముంది? పుట్టువెంట్రుకల నాడే మొక్కు చెల్లించుకున్న తల ఇది.

మొన్న బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ అంగడికి వెళ్ళాను. పద్ధతి అందరికీ తెలిసిందే. గోడ మీద అతికించిన నంబరుకు వాట్సాప్‌లో ఆధార్ పంపాలి, కుర్రవాడు కంప్యూటర్‌లో తెరిచి ప్రింటు తీసి ఇస్తాడు. ఫోను తీయబోతుంటే వారించాడు.

“పంపక్కర్లేదు సార్. మీది ఉంది.”

డౌన్‌లోడ్ల ఫోల్డరు తెరిచి కిందికి జరుపుతూ పోయాడు. ఆధార్లు, పాన్ కార్డులు, ఎవరిదో గుండె పరీక్ష రిపోర్టు, ఎవరి ఇంటిదో రిజిస్ట్రేషన్ దస్తావేజు, నక్షత్రమూ గోత్రమూ జీతమూ రాసిన ఒక ఆడపిల్ల పెళ్ళి వివరాల కాగితం. వాటి మధ్య నేను.

“పోయిన ఏడాది బ్రహ్మోత్సవాలప్పుడు పంపారు సార్” అన్నాడు. నా పెళ్ళిరోజు నాకే గుర్తుండదు.

“ఇవన్నీ తుడిచేయవా బాబూ?”

“ఎందుకు సార్, మళ్ళీ వస్తారు కదా?”

నిజమే, వచ్చాను కదా. మొదటి ప్రింటులో నా ముఖం మీద నల్లటి గీత పడింది. దాన్ని కింది అట్టపెట్టెలో పడేసి ఇంకొకటి తీశాడు. సాయంత్రానికి ఆ పెట్టె పక్కనున్న బజ్జీల బండికి చేరుతుంది. నూనె పీల్చడంలో దానికి సాటి వచ్చే కాగితం లేదని బండివాడే చెప్పాడు. ఒకసారి నాలుగు మిరపకాయ బజ్జీలు తినేసరికి పొట్లం అడుగున ఒక పెద్దమనిషి పుట్టిన తేదీ తేలింది. జూలై 1. బళ్ళో చేర్చుకున్న అయ్యవారి దయవల్ల మా తరంలో సగం మందిమి ఆ రోజే పుట్టాం.

ప్రభుత్వం హెచ్చరించలేదని అనకండి. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం ఒక ప్రకటన చేసింది. ఎవరికి పడితే వారికి జిరాక్స్ ప్రతులు ఇవ్వవద్దనీ, చివరి నాలుగు అంకెలు మాత్రమే కనబడే ముసుగు ఆధార్ వాడుకోమనీ చెప్పింది. జనం అపార్థం చేసుకుంటారేమోనని మే 29న వెనక్కి తీసుకున్నారు. ఆ రెండు రోజులూ ఈ దేశంలో గోప్యత వర్ధిల్లింది. శుక్రవారం మొదలై ఆదివారంతో ముగిసింది గనుక ఆఫీసు పనులకు పెద్దగా అంతరాయం కూడా కలగలేదు.

కోర్టుల సంగతి క్లుప్తంగా చెబుతాను. అర్ధరాత్రి పోలీసులు వచ్చి తలుపు తడుతున్నారని ఖరక్ సింగ్ అనే ఆయన మొరపెట్టుకుంటే, తలుపు తట్టడం తప్పే గానీ గోప్యత అనే హక్కు రాజ్యాంగంలో లేదని 1962లో సుప్రీంకోర్టు తేల్చింది. ఉందని తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఒప్పుకున్నది 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో. యాభై అయిదేళ్ళు పట్టింది. ఈలోపు తలుపు తట్టే అవసరం తీరిపోయింది. ఫోను దిండు కిందికే వచ్చింది, రాత్రంతా ఛార్జింగు కూడా మనమే పెడుతున్నాం.

2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. మన సమాచారాన్ని కాపాడలేని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా. బాగుంది. ప్రభుత్వ సంస్థల మాటేమిటి? దేశ భద్రత, శాంతిభద్రతల వంటి కారణాలు చూపి కేంద్రం ఏ సంస్థనయినా ఈ చట్టం నుంచి మినహాయించవచ్చు. ఇదీ బాగుంది. పనికిమాలిన ఫిర్యాదు చేసిన పౌరుడికి 10,000 రూపాయల దాకా జరిమానా. ఈ చట్టం మొత్తంలో నా స్తోమతకు తగిన అంకె ఇదొక్కటే. పనిలో పనిగా సమాచార హక్కు చట్టంలోనూ ఒక మాట తీసేశారు. వ్యక్తిగత సమాచారమైనా ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వవచ్చని 8(1)(జె) క్లాజులో ఇదివరకు ఉండేది. ఇప్పుడు వ్యక్తిగతమంటే వ్యక్తిగతమే. గోప్యత మీద ప్రభుత్వానికి గౌరవం లేదని ఎవరన్నారు? అధికారుల గోప్యత మీద అపారమైన గౌరవం ఉంది.

భద్రతకూ గోప్యతకూ మధ్య సమతుల్యం కావాలని పండితులు అంటుంటారు. సమతుల్యమంటే మాకు తులాభారం. ఒక తట్టలో మనం కూర్చుంటాం. రెండో తట్టలో పెట్టే బెల్లమో చిల్లరో కూడా మన డబ్బుతోనే కొంటాం. దిగేటప్పుడు దండం పెట్టి వస్తాం. ఇంతకన్నా సమతుల్యం ఇంకేం కావాలి?

అయితే కొండ మీదే ఒక అపచారం జరుగుతోంది. ఇంతవరకు ఎవరి కంటా పడకపోవడం ఆశ్చర్యం. శ్రీవారి హుండీ. కొప్పెర చుట్టూ ఎత్తుగా తెల్లటి గుడ్డ కట్టి ఉంటుంది. నోటు పట్టుకున్న చెయ్యి ఆ గుడ్డ నోట్లోకి వెళ్ళి, ఉత్త చెయ్యిగా బయటికి వస్తుంది. పది రూపాయలు వేశామో, పెళ్ళాం మెడలో గొలుసు వేశామో వెనకున్నవాడికి తెలియదు. పాన్ నంబరు అడగరు, ఓటీపీ రాదు. లెక్కపెట్టే పరకామణిలో మాత్రం సీను తిరగబడుతుంది. అక్కడ కూర్చునేవాళ్ళకు జేబులు లేని పంచెలు, నెత్తిన కెమెరాలు, లోపలికి వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ తనిఖీ. అంత కాపలాలోనూ 2023లో ఒకరు పట్టుబడ్డారంటే, కాపలా ఎవరి మీద ఉండాలో పూర్వులకు బాగానే తెలుసన్నమాట.

ఇచ్చేవాడి చెయ్యి గుడ్డ చాటున, లెక్కపెట్టేవాడి చెయ్యి అందరి కళ్ళ ఎదుట. ఇది పూర్తిగా తలకిందుల వ్యవహారం. ఆధునిక రాజ్యం దీన్ని ఎప్పుడో సరిదిద్దుకుంది. దేవస్థానం కూడా త్వరలో మేలుకొని, గుడ్డను కొప్పెర నుంచి విప్పి పరకామణి కిటికీలకు కట్టించాలని నా మనవి.

అన్నట్టు, ఊళ్ళో గంగమ్మకు కూడా నోటీసు పంపాల్సి ఉంది. ఊరి ఆడవాళ్ళను వేధించి దాక్కున్న పాలెగాణ్ణి వెతకడానికి ఆ తల్లి రోజుకొక వేషం కట్టింది, చివరికి దొర వేషంలో వచ్చి వాణ్ణి బయటికి రప్పించింది. ఒక్క వేషానికీ గుర్తింపు కార్డు చూపిన దాఖలా లేదు. అది చాలదన్నట్టు ఏటా మే నెల జాతరలో ఊరు ఊరంతా అదే పని చేస్తుంది. మీసాలున్న మగవాళ్ళు చీరలు కడతారు. బండ వేషం నాడు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని, ఎదురొచ్చినవాణ్ణి హోదాతో పని లేకుండా నోరారా తిడతారు. తిట్టించుకున్నవాడు కోపగించుకోకూడదు, అది మొక్కు. తెల్లవారితే ఎవరు తిట్టారో ఎవరికీ తెలియదు.

అరవై రెండేళ్ళుగా గట్టున నిలబడి చూడటమే గానీ ఎప్పుడూ వేషం కట్టలేదు. ఈసారి కట్టాలనిపించింది. తిట్టవలసినవాళ్ళ జాబితా కూడా రాసుకున్నాను, కాగితం మీదే, ఫోనులో కాదు. నిన్న అంగడికి వెళ్ళి అరకిలో కుంకుమ అడిగాను. బిల్లు కొట్టే అబ్బాయి తల ఎత్తకుండా ఫోను నంబరు అడిగాడు.

చెప్పాను.