తలుపు బయట తర్కం

తాళం వేసిన తలుపు ముందు, తాళంచెవి లేకుండా, తర్కం తెలిసిన మనిషితో నిలబడాల్సిన గతి పగవాడికి కూడా వద్దు. ఆ రాత్రి మాకు అలాంటివాళ్లు ఇద్దరున్నారు. ఒకరు మా బావ. తర్కం తనకు పుట్టుకతోనే వచ్చిందని ఆయన నమ్మకం. రెండోది మా మేనకోడలు. పోటీ పరీక్షలకి రీజనింగ్ చదువుతోంది. రెండు స్టేట్‌మెంట్ల నుంచి మూడోది, అంటే కన్‌క్లూజన్, రాబట్టే సిలాజిజమ్స్ చాప్టర్ అప్పుడే పూర్తిచేసి, ఎవరు దొరుకుతారా అని ఎదురుచూస్తోంది.

బయటికెళ్లిన నలుగురం ఇంటికి చేరేసరికి బాగా పొద్దుపోయింది. బావ జేబులన్నీ తడుముకుని, ఏమీ దొరక్క, గొంతు సవరించుకున్నాడు.

"తాళం వేసినవాళ్ల దగ్గరే తాళంచెవి ఉంటుంది. తాళం వేసింది మీ అక్క. కాబట్టి చెవి మీ అక్క దగ్గరే ఉంది."

"వేసి మీ చేతికే ఇచ్చాను కదండీ!" అంది అక్క.

"ఫామ్ కరెక్టే నాన్నా. మొదటి స్టేట్‌మెంటే తప్పు," అంది మేనకోడలు.

వాదన అల్లిక కుదరడం వేరు, అందులోని మాటలు నిజం కావడం వేరు. అల్లిక సరిగ్గా ఉండి, రెండు స్టేట్‌మెంట్లూ నిజమైతే కన్‌క్లూజన్ నిజం కాక చావదు. ఒక్కటి అబద్ధమైనా ఇక హామీ లేదు. అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే ఈ నియమాలన్నీ కూర్చిపెట్టాడు. ఆ కబురు మా బావకి ఇంకా అందలేదు.

"సరే, ఇది విను. నా జేబులో ఉన్నవేవీ తాళంచెవులు కావు. నా జేబులో ఉన్నవేవీ మీ అమ్మ బ్యాగులో లేవు. కాబట్టి మీ అమ్మ బ్యాగులో ఉన్నది తాళంచెవే!"

మేనకోడలి ముఖం వెలిగిపోయింది. "రెండూ నెగెటివే! రెండు నెగెటివ్‌ల నుంచి ఏ కన్‌క్లూజనూ రాదు నాన్నా." ఎక్కడిదో పాత కవరు తీసి, వెనకవైపు మూడు సున్నాలు చుట్టింది. 1880లో జాన్ వెన్ అనే ఇంగ్లిష్ తర్కవేత్త ప్రకటించిన పద్ధతి అది. జేబు సున్నాకి అంటకుండా తాళంచెవుల సున్నా, బ్యాగు సున్నా. "ఈ రెండూ జేబుకి దూరమని చెప్పావు, అంతే. వీటిలో వీటికి సంబంధం ఉందో లేదో ఎక్కడ చెప్పావు?" నిజమే. ఇద్దరికి మూడోవాడితో మాటల్లేవంటే, ఆ ఇద్దరూ ప్రాణస్నేహితులని కాదుగా!

వాదన చెల్లదని తేలడంతో, అక్క బ్యాగు వెతకాల్సిన పని లేదని కూడా తేలిపోయింది. అక్క బ్యాగుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

తర్వాతి వంతు మేనకోడలిది. "నాన్న మర్చిపోయే వస్తువులన్నీ కారు సీటు కిందే ఉంటాయి. తాళంచెవి నాన్న మర్చిపోయిన వస్తువు. కాబట్టి అది కారు సీటు కిందే ఉంది."

అల్లికలో వంక పెట్టడానికి లేదు. మూడే పదాలున్నాయి. 'నాన్న మర్చిపోయే వస్తువులు' అనే మిడిల్ టర్మ్ మిగతా రెండింటినీ కలిపి, కన్‌క్లూజన్ వచ్చేసరికి మర్యాదగా తప్పుకుంది. మూడంతస్తులు దిగి సీట్ల కింద వెతికాం. బావ పాత కళ్లజోడు దొరికింది, గొడుగు దొరికింది, ఒంటి సాక్సు దొరికింది. చెవి లేదు.

"'అన్నీ' అనకుండా 'కొన్ని' అనాల్సింది," అని గొణిగింది మేనకోడలు. కొన్ని అంటే ఏమీ తేలేది కాదు, కానీ మాకు మెట్లు మిగిలేవి.

మా అలికిడికి ఎదురు ఫ్లాట్ ఆయన తలుపు తీశాడు. బావ ఆయన్ని కాళ్ల నుంచి తల దాకా పరకాయించి చూశాడు. ఆ చూపుకి పాపం ఆయన తడబడి, "ఏమైంది సార్?" అంటూ చెమట తుడుచుకున్నాడు. బావ నా చెవిలో, "తాళంచెవి కాజేసినవాళ్లు కంగారుపడతారు. ఈయన కంగారుపడుతున్నాడు. అర్థమైందా బామ్మర్దీ?" అన్నాడు.

అర్థమైంది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడం! దొంగలంతా భుజాలు తడుముకుంటారనే అనుకుందాం. తడుముకునేవాళ్లంతా దొంగలని ఎవరన్నారు? మిడిల్ టర్మ్ ఒక్కసారైనా పూర్తిగా, ఒక్కరినీ వదలకుండా లెక్కలోకి రావాలన్న నియమం అందుకే. భుజాలు తడుముకునేవాళ్లలో కొందరికి ఉత్త భుజం నొప్పి. కంగారుపడేవాళ్లలో కొందరికి ఎదురుగా మా బావ ఉంటాడు.

అన్నీ, ఏవీ కావు, కొన్ని, కొన్ని కావు. ఈ నాలుగు రకాల వాక్యాలను మూడేసి చొప్పున తీసుకుని, నాలుగు అమరికల్లో పేరిస్తే 256 సిలాజిజమ్స్ వస్తాయి. పాత లెక్కన వాటిలో చెల్లేవి 24. అసలు ఉన్నాయో లేవో తెలియనివాటి గురించి 'కొన్ని' అనకూడదని పట్టుబట్టే ఈ కాలంవాళ్ల లెక్కన 15. ఏ లెక్కన చూసినా చెల్లనివన్నీ మా బావ సొంత ఆస్తి. ఆ రాత్రి అందులో చాలా భాగం మా మీదే ఖర్చుపెట్టాడు.

చివరిది ఇదీ: "కొన్ని తాళాలు పిన్నుతో తెరుచుకుంటాయి. ఇది తాళం." మేనకోడలు నోరు తెరిచేలోపే అక్క జడలోంచి పిన్ను లాగి, తాళంలో దూర్చి తిప్పేశాడు. సగం పిన్ను చేతికొచ్చింది.

ఇక తాళాలు బాగుచేసే అతనికి ఫోన్ చేద్దామని అక్క బ్యాగు తెరిచింది. ఫోన్‌తో పాటు తాళంచెవి కూడా బయటికొచ్చి ఖంగున కింద పడింది.

"నేను అప్పుడే చెప్పలా!" అని ఎగిరాడు బావ.

"చెప్పావు. కానీ చెల్లదు."

"చెవి దొరికిందా, లేదా?"

"దొరికింది. కన్‌క్లూజన్ నిజమే. ఆర్గ్యుమెంట్ మాత్రం చెల్లదు."

"చెల్లని ఆర్గ్యుమెంట్‌తో ఎలా దొరికిందే?"

"దాంతో దొరకలేదు. అమ్మ ఫోన్ తీస్తే దొరికింది."

చెల్లదంటే అబద్ధమని కాదు, చెప్పిన కారణాల నుంచి అది రాదని మాత్రమే. అలాంటప్పుడు వాదన చెల్లదన్న ఒక్క సాకుతో బ్యాగుని వదిలేయడం కూడా చెల్లని పనే. ఈ మాట పైకి అంటే మళ్లీ సున్నాలు మొదలవుతాయని ఊరుకున్నాను.

"ఇంతకీ దీన్ని బ్యాగులో వేసిందెవరు?" అన్నాడు బావ.

"మీరే. జేబు బరువుగా ఉందన్నారుగా," అంది అక్క.

దొరికిన చెవి తాళంలోకి దూరితే కదా! తాళాలతను రానే వచ్చాడు. టార్చి వేసి చూసి, విసుగ్గా తలెత్తి, "ఇందులో పిన్ను పెట్టిన మహానుభావుడు ఎవరండీ?" అన్నాడు.

బావ చెయ్యి దానంతటదే భుజం మీదికి వెళ్లింది.

"దీన్నిబట్టి ఏమీ తేలదు," అంది మేనకోడలు.