సవరణ: ఫుగాజీ పుట్టిన ఏడు 1980 కాదు

పోయిన వారం ఫుగాజీ అనే అమెరికన్ పంక్ బ్యాండ్ గురించి రాస్తూ, అది 1980లో మొదలై, డిస్కార్డ్ రికార్డ్స్ అనే రికార్డుల కంపెనీని పెట్టి, 2002లో విడిపోయిందన్నాను. ఒక్క వాక్యంలో మూడు తప్పులు! విజయనగరం గంటస్తంభం దగ్గర టీ తాగుతుంటే, గిటారు వాయించే మా వీధి కుర్రాడు "అన్నయ్యా, లెక్క తేడా కొడుతోంది" అని పట్టేశాడు.

1980లో మొదలైంది డిస్కార్డ్. వాషింగ్టన్ డీసీలో ఇయాన్ మెకాయ్, జెఫ్ నెల్సన్ స్కూలు వయసులో టీన్ ఐడిల్స్ అనే బ్యాండ్‌లో వాయించేవాళ్లు. ఆ బ్యాండ్ ఆగిపోయాక, కచేరీల్లో కూడబెట్టిన డబ్బుతో తమ పాటల్ని తామే రికార్డుగా తేవడానికి ఆ లేబుల్ పెట్టారు. పెద్ద కంపెనీ గుమ్మం తొక్కలేదు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే, తప్పు రాసిందీ ఇక్కడే. తర్వాత ఇద్దరూ మైనర్ థ్రెట్ అనే బ్యాండ్‌లో ఉన్నారు. అదీ 1983లో ఆగింది.

ఫుగాజీ తొలి కచేరీ 1987 సెప్టెంబరులో జరిగింది. ఈ బ్యాండ్‌లో మెకాయ్ ఉన్నాడు, నెల్సన్ లేడు. డ్రమ్స్ బ్రెండన్ క్యాంటీ, బేస్ జో లాలీ. గై పిచియాటో కాస్త ఆలస్యంగా చేరాడు.

ఇక "విడిపోయింది" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. 2002 నవంబరులో లండన్‌లో వాయించాక విరామం తీసుకున్నారు, విడిపోయామని మాత్రం ప్రకటించలేదు.

ఫుగాజీ కచేరీ టికెట్టు 5 డాలర్లని కూడా పోయిన వారం రాశాను, అదీ కొంచెం సవరించాలి. ఎక్కువ చోట్ల అంతే, అన్ని చోట్లా కాదు. సంగీత కళాశాలలో ఉచిత కచేరీలు విని పెరిగిన నాకు అదీ ఎక్కువే అనిపించిందనుకోండి.