కొబ్బరినూనె ప్రకృతిసిద్ధమే, రబ్బరు సంగతేమిటి?

‘కండోమ్ వాడేవారు తప్పక చదవండి’ అనే సందేశం పర్లాకిమిడిలోని మా మిత్రుల వాట్సాప్ బృందంలో ఈ వారం మూడుసార్లు వచ్చింది. మూడోసారి పంపినవాడు ఫార్మసీ చదివినవాడు కావడంతో ఇక ఊరుకోలేకపోయాను.

ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే నిరోధ్‌కు సన్నని రంధ్రాలుంటాయట. ఊరికే ఇచ్చినదైనా, కొన్నదైనా, మన దేశంలో కండోమ్ చట్టం నిర్దేశించిన నాణ్యతా ప్రమాణాలకు నిలవవలసిందే. వాడితే నరాల బలహీనత వస్తుందన్న రెండో మాటకు జవాబు దండగ. ఒకదానిపై ఒకటి రెండు తొడిగితే భద్రత రెట్టింపన్నది మూడోది. రెండు పొరలు ఒరుసుకుంటే రెట్టింపయ్యేది చిరిగే భయమే.

అసలు ప్రమాదం నాలుగో మాటలో ఉంది: ‘జారుడు కోసం రాసే జెల్‌లో రసాయనాలుంటాయి, కొబ్బరినూనె రాసుకోండి, అది ప్రకృతిసిద్ధం.’ తలకూ ఒంటికీ చంటిపిల్లలకూ రాసే ఆ సీసా ప్రతి ఇంట్లోనూ చేతికందే చోటే ఉంటుంది కనుక, ఈ సందేశంలో జనం నిజంగా పాటించే సలహా ఇదొక్కటే. కండోమ్ చేసే రబ్బరు, అంటే లేటెక్స్‌కు, నూనె తగిలితే కొద్ది నిమిషాల్లోనే దాని బలం పడిపోతుంది. కంటికి ఏ తేడా కనిపించదు, తీరా అవసరమైనప్పుడు పిగులుతుంది. ఆముదం, నెయ్యి, వాసెలిన్ చేసేదీ అదే. మందుల దుకాణంలో నీటితో గానీ సిలికాన్‌తో గానీ చేసిన జెల్ అడగాలి. అడగడానికి నోరు రాదన్నది మాత్రం ఒప్పుకుంటాను. పెళ్లైన కొత్తలో తెలిసిన దుకాణదారుకు ముఖం చూపలేక ఏరు దాటి పాతపట్నం వెళ్లి కొన్నవాణ్ణి నేను. అయినా కొబ్బరినూనె ప్రకృతిసిద్ధమనే వారికి ఒక్క మాట: తొమ్మిది నెలలకు పుట్టే బిడ్డ అంతకన్నా ప్రకృతిసిద్ధం.

పర్సులో ఎప్పుడూ ఒకటి ఉంచుకోవాలట. ఒంటి వేడికీ ఒరిపిడికీ నెలల తరబడి నలిగినదాన్ని, గడువు తేదీ మిగిలి ఉన్నా, పారవేయడమే మేలు.

‘కండోమ్‌ను పూర్తిగా నమ్మలేం’ అన్న ముక్క ఒక్కటే నిజం. ప్రతిసారీ సరిగ్గా వాడే నూరు జంటల్లో ఏడాదికి 2 జంటలకూ, ఒకసారి వాడి ఒకసారి మానేస్తూ, ఆలస్యంగా తొడుగుతూ ఉండే మామూలు వాడకంలో సుమారు 13 జంటలకూ గర్భం వస్తుంది. చిరిగితే వేడినీళ్లతో కడుక్కుంటే చాలని ఆ వెంటనే రాసిన మహానుభావుడికి, లెవోనార్‌జెస్ట్రెల్ అనే అత్యవసర గర్భనిరోధక మాత్ర ఒకటుందనీ, దాన్ని 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత బాగా పనిచేస్తుందనీ మా ఫార్మసీ మిత్రుడైనా చెప్పి ఉండవలసింది.