ఎమ్మెస్ చదువుతూనే మెడిసిన్ కోర్సులు: అమెరికాలో లెక్క వేరు

మన దగ్గర బైపీసీ, నీట్, ఎంబీబీఎస్. డాక్టరయ్యేదీ కానిదీ ఇంటర్‌తోనే దాదాపు తేలిపోతుంది. అమెరికాలో డిగ్రీ అయ్యాకే మెడిసిన్. అందుకే బీఫార్మసీయో, బయోటెక్నాలజీయో చదివి ఎమ్మెస్‌కో, పీహెచ్‌డీకో వెళ్లిన మన పిల్లల్లో కొందరికి పాత ఆశ మళ్లీ చిగురిస్తుంది. ఎలాగూ యూనివర్సిటీలోనే ఉన్నాం, మెడికల్ స్కూళ్లు అడిగే ఆ నాలుగు కోర్సులూ పక్కన కానిచ్చేస్తే పోలా?

కానిచ్చేయొచ్చు, చేసినవాళ్లూ ఉన్నారు. కాకపోతే అవి నాలుగు కోర్సులు కావు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ చాలాచోట్ల ఒక్కొక్కటీ ఏడాదిపాటు, ల్యాబుతో సహా చేయాలి. పైన బయోకెమిస్ట్రీ, కొన్నిచోట్ల స్టాటిస్టిక్స్, ఇంగ్లిష్. గుంటూరులో చదివిన ఆర్గానిక్ కెమిస్ట్రీని చాలా స్కూళ్లు ఒప్పుకోవు. అమెరికా లేదా కెనడా క్రెడిట్లే కావాలంటాయి. దాంతో పొద్దున టీఏగా (టీచింగ్ అసిస్టెంట్‌గా) ఫస్టియర్ పిల్లలతో టైట్రేషన్ చేయించిన పీహెచ్‌డీ విద్యార్థి, మధ్యాహ్నం వాళ్ల కోర్సులోనే చేరి తనూ బ్యూరెట్ పట్టుకోవాల్సి రావచ్చు.

అసలు చిక్కు మార్కుల దగ్గర. ఎక్కువ ఎండీ స్కూళ్లకు (మన ఎంబీబీఎస్‌లా అక్కడ డాక్టర్ డిగ్రీ ఎండీ) దరఖాస్తులు ఆమ్‌కాస్ అనే ఉమ్మడి పోర్టల్ ద్వారా వెళ్తాయి. అది అండర్ గ్రాడ్యుయేట్ (డిగ్రీ స్థాయి) జీపీఏని, అంటే గ్రేడ్ల సగటుని, గ్రాడ్యుయేట్ (పీజీ స్థాయి) జీపీఏని విడివిడిగా లెక్కేస్తుంది. ఎమ్మెస్‌లో 4.0 తెచ్చుకున్నా మొదటి ఖాతాలో ఒక్క పాయింటూ పడదు. ఇండియా డిగ్రీ మార్కులైతే అసలు ఆ జీపీఏలోకే రావు. అంటే ఇక్కడినుంచి వెళ్లినవాళ్ల అండర్ గ్రాడ్యుయేట్ జీపీఏ మొత్తం తేలేది 'పక్కన' చేసిన ఆ కొద్ది కోర్సులతోనే. అందులో రెండు బీ గ్రేడ్లు పడితే కప్పిపుచ్చడానికి వేరే మార్కులుండవు. డిగ్రీలో జీపీఏ తగ్గిందని దాన్ని పెంచుకోవడానికి ఎమ్మెస్‌లో చేరే అక్కడి తెలుగు కుటుంబాల పిల్లలకూ ఇదే దెబ్బ, ఎమ్మెస్ మార్కులు ఆ డిగ్రీ జీపీఏలో కలవవు.

ఇక టైమ్. ఆర్గానిక్ ల్యాబు ఉందంటే వారంలో ఒక మధ్యాహ్నం మొత్తం పోయినట్టే. ఆ పూట మీ ప్రొఫెసర్ ప్రయోగం ఎవరు చూస్తారు? ఆయనకు చెప్పకుండా నెట్టుకొద్దామంటే కుదరదు, రేపు సిఫార్సు లెటర్ రాయాల్సింది ఆయనే. స్టైపెండుతో పాటు వచ్చే ఫీజు మినహాయింపు డిగ్రీకి సంబంధం లేని కోర్సులకు చాలాచోట్ల వర్తించదు. చేతిలో ఉన్న డిగ్రీ పూర్తిచేశాకే చేర్చుకుంటామనే మెడికల్ స్కూళ్లూ ఎక్కువే. ఇన్నిటి మధ్య ఏడున్నర గంటల ఎంక్యాట్, అంటే అక్కడి మెడికల్ ప్రవేశ పరీక్ష.

ఐదారేళ్ల పీహెచ్‌డీలో, ప్రొఫెసర్ ఒప్పుకుంటే, సెమిస్టర్‌కొకటి చొప్పున ఇది సాధ్యమే అంటాను. రెండేళ్ల ఎమ్మెస్‌లో వద్దు. అటు డిగ్రీ దెబ్బతింటుంది, ఇటు జీపీఏ.

అయితే ఎఫ్1 వీసా మీదున్నవాళ్లు కోర్సుల సంగతికన్నా ముందు చూసుకోవాల్సింది ఇంకొకటుంది. విదేశీ విద్యార్థులను అసలు తీసుకోని మెడికల్ స్కూళ్లు చాలా ఉన్నాయి. టెక్సాస్ ప్రభుత్వ స్కూళ్లలో కనీసం 90 శాతం సీట్లు ఆ రాష్ట్రం వాళ్లకే. తీసుకునేవాటిలో కొన్ని, ఏళ్ల తరబడి కట్టాల్సిన ఫీజుని ముందే ఎస్క్రో ఖాతాలో (మూడో పక్షం దగ్గర హామీగా ఉంచే ఖాతా) పెట్టమంటాయి. ఫెడరల్ (అక్కడి కేంద్ర ప్రభుత్వ) లోను రాదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ సుఖమేమీ లేదు: 2026 జులై నుంచి కొత్తగా లోను తీసుకునే మెడికల్ విద్యార్థులకు ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లు, మొత్తం 2 లక్షలు దాటదు. మిగిలింది ప్రైవేటు బ్యాంకు ఇవ్వాలి, లేదా ఇంట్లోవాళ్లు.

అందుకని ల్యాబు కోర్సుకు ఫీజు కట్టేముందే స్కూళ్ల జాబితా దగ్గర పెట్టుకుని, మీ వీసాతో దరఖాస్తు తీసుకునేవి ఎన్నో టిక్కు పెట్టుకోండి. టిక్కు పడినవి నాలుగైదే అయితే ఆర్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం ఇప్పుడే కొనక్కర్లేదు.