సవరణ: అంగన్‌వాడీ, ఆఫీస్ క్రెష్ గురించి మొన్న తప్పు రాశాను

మొన్నటి పోస్టులో రెండేళ్ల పిల్లల్ని కూడా అంగన్‌వాడీలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంచుకుంటారు, డేకేర్‌కి డబ్బులెందుకు అన్నాను కదా, అది తప్పండి, క్షమించండి. ఆటపాటల ప్రీస్కూల్ 3 నుంచి 6 ఏళ్ల వాళ్లకే, అంతకంటే చిన్నవాళ్లకి బాలామృతం లాంటి పోషకాహారం ఇంటికి ఇస్తారు. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద క్రెష్ (పగటిపూట పిల్లల్ని చూసుకునే చోటు) పెట్టిన అంగన్‌వాడీల్లో 6 నెలల నుంచే తీసుకుంటారు, కానీ అన్ని చోట్లా ఉండవు, మీ టీచర్‌గారినే అడగండి.

ఇంకోటి, ఆఫీస్ క్రెష్ 50 మంది ఆడవాళ్లుంటేనే అని రాశా, కాదు, 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పటి నుంచి మగవాళ్లతో కలిపి మొత్తం ఉద్యోగులు 50 మంది ఉన్నా చాలు, తల్లి రోజుకి 4 సార్లు వెళ్లి బిడ్డని చూసుకోవచ్చు. ఇది చాలామంది తల్లులకి తెలీదు, హెచ్‌ఆర్‌ని గట్టిగా అడగండి. రెండేళ్ల పాప ఉన్నవాళ్లు నా మాట నమ్మి డేకేర్ సీటు వదులుకోకండి ప్లీజ్.