జింక లేదు, అడవి లేదు, ములికి మాత్రం రెండంగుళాలు

బెజవాడలో బాణాల మీద తగాదా ఈనాటిది కాదు. ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసుకుంటున్న అర్జునుడి మీదికి మూకాసురుడు పంది రూపంలో వచ్చిపడ్డాడు. బోయవాడి వేషంలో ఉన్న శివుడు అటునుంచి, అర్జునుడు ఇటునుంచి ఒకేసారి బాణాలు వదిలారు. పంది పడింది. "నా బాణానికే పడింది" అని ఇద్దరూ కలబడ్డారు. చివరికి పాశుపతాస్త్రం చేతిలో పెట్టి శివుడే రాజీ చేసుకున్నాడు. ఆ కొండ కిందే ఇప్పుడు మళ్లీ బాణాల పేచీ లేచింది. కాకపోతే ఈసారి పందీ లేదు, తపస్సూ లేదు, బాణం వదిలినవాడూ లేడు. బందరు రోడ్డు మీది టీ కొట్టు దగ్గర ఉన్నదల్లా ఒక్కటే ప్రశ్న. దుప్పికి బ్రాడ్‌హెడ్, అంటే బాణం కొసన బిగించే బ్లేడ్ల ములికి, ఫిక్స్‌డ్ మంచిదా, మెకానికల్ మంచిదా?

ఈ ప్రశ్న లేవదీసేవాణ్ణి మీరూ చూసే ఉంటారు. వీధికొకడు తయారయ్యాడు. అమెరికావాళ్ల వేట వీడియోలు చూసి చూసి కళ్లు ఎర్రబడి, మే నెల మిట్టమధ్యాహ్నం ఆకుల బొమ్మల చొక్కా తొడుక్కుని బెంజి సర్కిల్లో నిలబడి, "వైట్‌టెయిల్‌కి గాలివాలు ముఖ్యం" అంటాడు, అదేదో అమెరికా జింక గురించి. కుర్రాళ్లు బాణాల బాబాయ్ అని పిలుస్తారు. ఆయనకి దుప్పికీ కణుజుకీ తేడా తెలియదు. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక అని తెలియదు. దుప్పి కొమ్ములు ఏటా ఊడి మళ్లీ మొలుస్తాయనీ, కృష్ణజింక కొమ్ములు ఊడవనీ అసలే తెలియదు. ములికి బరువు వంద గ్రెయిన్లుండాలా, నూట పాతిక ఉండాలా అనేదాని మీద మాత్రం మూడు టీలు తాగినా తెగని వాదన పెడతాడు.

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నారు. సోమలింగమైనా ఎప్పటికో పుట్టొచ్చు. బాబాయ్ వేటకి 1991లోనే తాళం వేశారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని ఆ ఏడు సవరించాక, అందులోని తొమ్మిదో సెక్షన్ సరదా వేటని మొత్తానికే మూసేసింది. చంపితేనే వేట కాదు, చంపబోయినా వేటే అని కూడా ఆ చట్టమే అర్థం చెప్పి పెట్టింది.

సరే, వాదన కోసం అమెరికాలోనే ఉన్నామనుకుందాం. అక్కడ చాలా రాష్ట్రాల్లో సీజనుంది, లైసెన్సుంది, ములికి కోత కనీసం అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు ఉండాలన్న నిబంధన కూడా ఉంది. బాబాయ్ వీడియోల్లో ఆ ముక్క వచ్చినప్పుడల్లా ముందుకి జరిపేస్తాడు.

ఫిక్స్‌డ్ అంటే బ్లేడ్లు కదలకుండా బిగించిన ములికి. కోత అంగుళం నుంచి అంగుళం పావు దాకా. కదిలి ఇరుక్కునేందుకు అందులో ఏమీ లేదు. దాని తద్దినం వేరు. ఆ బ్లేడ్లు బాణం ముక్కు మీద రెక్కల్లా పనిచేస్తాయి. విల్లు ట్యూనింగ్ వెంట్రుకవాసి తప్పినా, వెనకున్న ఈకలు ఒకవైపు, ముందున్న రెక్కలు ఒకవైపు లాగి బాణం పక్కకి పోతుంది. బ్లేడ్లు లేని మామూలు ప్రాక్టీసు కొస, అంటే ఫీల్డ్ పాయింట్‌తో బాణాలన్నీ ఒకచోటే పడుతున్నాయి, బ్రాడ్‌హెడ్ పెట్టగానే నాలుగంగుళాలు ఎడమకి పోతున్నాయంటే తప్పు ములికిది కాదు. విల్లు మీద బాణం ఆనే రెస్ట్‌ని అంగుళంలో ముప్ఫై రెండో వంతు చొప్పున కుడికి, అంటే ఫీల్డ్ పాయింట్లు పడుతున్న వైపుకి జరుపుకుంటూ రావాలి. బాబాయ్ ఏం చేస్తాడు? ములికి మారుస్తాడు. ఆ తర్వాత కంపెనీ మారుస్తాడు. ఆఖరికి విల్లే మారుస్తాడు. రెస్ట్ మీది స్క్రూ మాత్రం డబ్బాలోంచి వచ్చిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

మెకానికల్ అంటే గాల్లో ముడుచుకుని ఉండి, తగలగానే విచ్చుకునేది. కోత అంగుళంన్నర నుంచి రెండంగుళాలు, కొన్నిటికి ఇంకా పైన. ఎగరడం ఫీల్డ్ పాయింట్‌లాగే ఎగురుతుంది, అందుకే బద్ధకస్తులకి ప్రాణం. కాకపోతే విచ్చుకోడానికి శక్తి కావాలి, అంత వెడల్పున కోసుకుంటూ లోపలికి పోవడానికి ఇంకా కావాలి. 400 గ్రెయిన్ల బాణం సెకనుకి 270 అడుగుల వేగంతో పోతే దాని శక్తి 65 ఫుట్-పౌండ్లు. అదే బాణం 210 అడుగుల వేగంతో పోతే 39కి పడిపోతుంది. రెండో రకం విల్లు పట్టుకుని రెండంగుళాల ములికి కొనడమంటే, లూనా బండికి లారీ లోడెత్తడం. చర్మం దాటుతుంది, పక్కటెముక దగ్గర చతికిలబడుతుంది. పైగా బ్లేడ్లని పట్టి ఉంచేది చిన్న రబ్బరు రింగో ప్లాస్టిక్ కాలరో. రబ్బరు మన ఎండకి పెళుసెక్కితే అమ్ములపొదిలోంచి తీస్తుండగానే బ్లేడ్లు తెరుచుకుంటాయి.

ఇక గ్రెయిన్ల పంచాయితీ. వంద గ్రెయిన్లంటే ఆరున్నర గ్రాములు. నూట పాతికకి పోతే పెరిగేది గ్రామున్నర పైచిలుకు. ముందు బరువు పెరిగితే బాణం లోపలికి బాగా దిగుతుంది, నిజమే. అదే బరువుకి బాణపు కడ్డీ వదిలే క్షణంలో ఎక్కువ వంగుతుంది, అంటే స్పైన్ (కడ్డీ బిగువు) మెత్తబడినట్టు లెక్క. మళ్లీ ట్యూనింగ్, మళ్లీ గురి చూసే సైట్ దిద్దుకోవడం. ఈ రెండో సగం టీ కొట్టు దాకా రాలేదు.

దిగుమతి ములికి ఖరీదని ఆటోనగర్‌కి పరిగెత్తిన మేధావులూ ఉన్నారు. పాత లారీ కమాన్ కట్ట ముక్క ఇచ్చి "దీంతో బాణం కొసలు చేసిపెట్టు తమ్ముడూ" అన్నారు. కమాన్ కట్ట మంచి ఉక్కే, లేత్ మీద ఉన్న తమ్ముడూ పనిమంతుడే. ఒకటి 112 గ్రెయిన్లు, ఒకటి 140 వస్తే తప్పు తమ్ముడిదా? గ్రైండింగ్‌లో అంచు నీలంగా మారిందంటే ఉక్కు గట్టితనం పోయిందని అతను చెప్పాడు కూడా. "నీలం రంగు భలే ఉందిరా" అన్నాడు బాబాయ్. ములికి బిగించి బాణాన్ని బల్లమీద నిలబెట్టి బొంగరంలా తిప్పితే, కొస ఒక్కచోటే నిలవాలి. వీళ్లది బల్లమీద ముగ్గేసింది.

పటమటలో అపార్టుమెంటు డాబా మీద ప్రాక్టీసు ఘట్టం దీనికి పరాకాష్ఠ. లిఫ్టు గది నుంచి నీళ్ల ట్యాంకు దాకా పద్దెనిమిది గజాలు. గుంటూరు యార్డు నుంచి తెచ్చిన ఖాళీ మిర్చి టిక్కీ, అంటే గోనె బస్తా, దాన్నిండా పాత చీరలు కుక్కి ట్యాంకుకి ఆనించారు. పక్కనే సెక్రటరీ గారి ఇంటావిడ పెట్టిన గుమ్మడి వడియాలు.

"బాబాయ్, బ్రాడ్‌హెడ్‌కి ఫోమ్ బ్లాకు ఉండాలంట కదా? గోనెని కోసేస్తదంట."

"నలభై కిలోల మిర్చి మోసిన టిక్కీరా ఇది. ఎనిమిది గ్రాముల ములికిని ఆపలేదా?"

మొద్దు కొస ఉన్న ఫీల్డ్ పాయింట్‌ని బట్ట ఒరుసుకుని ఆపుతుంది. బ్లేడు బట్టని కోసుకుని పోతుంది. కోయడానికే కదా బ్లేడు పెట్టింది? బాబాయ్ రెండంగుళాల మెకానికల్ బిగించాడు, వదిలాడు. బాణం కనిపించలేదు. టిక్కీలోంచి ఎర్రటి దుమ్ము ఒక్కసారి లేచింది. నూట పాతిక గ్రెయిన్ల మహిమ గురించి అప్పటిదాకా ప్రసంగిస్తున్న బాబాయ్ తుమ్మాడు. శిష్యులు తుమ్మారు. మెట్లమీదికి పరిగెత్తుకొచ్చిన సెక్రటరీ గారు, "ఏంటండీ ఇ..." అని మొదలెట్టి తుమ్మారు. నాలుగో అంతస్తులో ఎవరిదో కుక్క కూడా తుమ్మింది. ఆ పొగలో కళ్లు నులుముకుంటూ బాబాయ్ అరిచిన మొదటి మాట, "పాస్ త్రూ!"

ఆ మాట దగ్గరే నవ్వు ఆగిపోతుంది. పాస్ త్రూ అంటే బాణం ఒకవైపు దిగి రెండోవైపు బయటికి రావడం. దాన్ని కోరుకునేది రెండు రంధ్రాల్లోంచీ నెత్తురు పోయి జంతువు త్వరగా చావాలని, జాడ దొరకాలని. బ్లేడుకి గుండ్రంగా లాగిన రబ్బరు బ్యాండు తాకించగానే తెగాలనేది అందుకే. ఫోమ్‌లోకి ఒక్కసారి కొట్టినా ఆ బ్లేడు మొద్దుబారుతుంది కాబట్టి ప్రాక్టీసుకి వేరే, వేటకి వేరే పెట్టుకునేదీ అందుకే. తెలిసినవాడు ఇరవై, ముప్ఫై గజాలు దాటి వెయ్యడు. సెకనుకి 270 అడుగుల బాణానికి ముప్ఫై గజాలు చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు అందులో నాలుగో వంతు సమయానికే దుప్పి చెవిన పడుతుంది. అది ఉలిక్కిపడి, ఎగరడానికి ముందు కిందికి వంగుతుంది. ఊపిరితిత్తులకి గురిపెట్టిన బాణం వెన్ను మీద తగులుతుంది. వంగుతూ పక్కకి తిరిగితే పొట్టలో దిగుతుంది. బాణం మీద బుడగల నెత్తురుంటే ఊపిరితిత్తులు. పచ్చటి పసరు, పేడ వాసన అంటే పొట్ట. పొట్టలో తగిలింది పరిగెత్తి ఏ పొదలోనో పడుకుని గంటల తరబడి చస్తుంది. బాబాయ్‌లు ఆ పొద దాకా వెళ్లరు. వాళ్లకి వీడియో అక్కడికే అయిపోతుంది.

"ఒక్కదాన్ని వేస్తే ఏమవుద్దండీ, అడవిలో బోలెడున్నాయి కదా" అని ఇకిలిస్తారు చూడండి, ఆ ఇకిలింపుకి చెంప పగలగొట్టాలనిపిస్తుంది. బోలెడు లేవురా. ఉన్నవాటికి కరెంటు తీగలు, ఉచ్చులు, నాటు బాంబులు చాలడం లేదా? వాటిని పెట్టేవాడు ఆకలికో అప్పుకో పెట్టానని సాకన్నా చెప్పుకుంటాడు. లక్షల విల్లు కొన్న నీకు ఏ సాకుంది? ఆదివారం తోటలో, నలుగురు స్నేహితుల ముందు, ప్లేటులో దుప్పి ముక్క. అంతే కదా?

ఈ ఊళ్లోనే పుట్టిన వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది. కప్పీలున్న కాంపౌండ్ విల్లే, దూరం 50 మీటర్లు, పది పాయింట్ల గడి అడ్డం 8 సెంటీమీటర్లు. బాణం కొసన బ్లేడు లేదు. బాబాయ్‌ని అడిగితే, "అది కాగితమండీ, కదలదు" అన్నాడు. పద్దెనిమిది గజాల్లో కదలని టిక్కీ వెనక ఏముందో చూసుకోనివాడు.

వెనకున్నది ట్యాంకు. దుమ్ము అణిగాక కనిపించింది. బాణం ఈకల దాకా దిగి ఉంది, చుట్టూ నీళ్లు చిమ్ముతున్నాయి, వడియాలు తేలుతున్నాయి. బ్లేడ్లు విచ్చుకునే లోపలికి పోయాయి కాబట్టి వెనక్కి లాగితే రాదు. బాబాయ్ మూత తీసి లోపలికి చెయ్యి పెట్టాడు. ములికి తిప్పడానికి డబ్బాలో ఇచ్చిన ప్లాస్టిక్ రెంచి ఇంట్లో ఉంది. రెండు వేళ్లకి కలిపి అయిదు కుట్లు పడ్డాయి.

సాయంత్రం ప్లంబరు వచ్చాడు. ఎం-సీల్ ఎంత కావాలో చూసుకోడానికి చీలిక మీద టేపు పెట్టాడు.

"సరిగ్గా రెండంగుళాలండీ."

కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, శిష్యుల వైపు తిరిగి, "చెప్పలా?" అన్నాడు బాబాయ్. ఆ వెంటనే తుమ్మాడు.